ఐసీయూ డ్యూటీలు చేస్తూ చదువు కొనసాగించాలంటే: ఒక జీఎన్‌ఎం నర్సు ప్రశ్నకు నా సమాధానం

అమ్మా, మీ ప్రశ్న నిదానంగా చదివాను. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తయి ఏడేళ్లు, సికింద్రాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రి ఐసీయూలో డ్యూటీ, ఉప్పల్‌లో ఇల్లు, ఇంట్లో మూడేళ్ల బాబు. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ దగ్గరపడుతోంది, సీఎన్‌ఈ (ఉద్యోగం చేస్తూ నర్సులు కొనసాగించాల్సిన చదువు) గంటలు సరిపడా లేవు. డబ్బు కడితే సర్టిఫికెట్ మెయిల్‌కి వచ్చేస్తుందని వాట్సాప్‌లో ఎవరెవరో లింకులు పంపుతున్నారు. పోస్ట్ బేసిక్ (జీఎన్‌ఎం తర్వాత చేసే బీఎస్సీ నర్సింగ్) చేయాలా, నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు వెళ్లాలా, ఏసీఎల్‌ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్సలో శిక్షణ) ఒక్కటి సరిపోతుందా, చదివితే పని మారుతుందా, నైట్ డ్యూటీలతో చదవడం ఎలా అని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు: ‘చదివినా జీతం పెద్దగా పెరగదు, డాక్టర్ గారు చెప్పిందే చేయాలి, అలాంటప్పుడు ఎందుకు చదవాలి?’ అని. మిమ్మల్ని నిజంగా తొలుస్తున్నది ఇదేనని నాకు అనిపించింది. నేను వార్డుల్లో, ఐసీయూల్లో పనిచేసి, ఆ తర్వాత నర్సులకు శిక్షణ ఇచ్చే పనిలోకి వచ్చినదాన్ని. నగరంలో చిన్న నర్సింగ్ హోముల నుంచి పెద్ద ఆస్పత్రుల దాకా సిస్టర్లతో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను. కోర్సుల సంగతి తర్వాత, ముందు ఈ చివరి మాట చూద్దాం.

మీ ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న రోగికి నోరు శుభ్రం చేయడానికి ఏం వాడుతున్నారు? చాలాచోట్ల క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక ద్రవం. మీరు చదువుకునే రోజుల్లో అదే నేర్పారు. వెంటిలేటర్ న్యుమోనియా రాకుండా పాటించే బండిల్‌లో, అంటే కలిపి చేయాల్సిన పనుల జాబితాలో, అదొక భాగం, చెక్‌లిస్టులో దానికొక గడి. 2022లో అమెరికాలో ఆస్పత్రి ఇన్ఫెక్షన్ల మీద పనిచేసే నిపుణుల సంఘాలు తమ సూచనల్ని సవరించినప్పుడు దీన్ని తలకిందులు చేశాయి. క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు శుభ్రం చేయడం మామూలుగా వద్దన్నాయి. న్యుమోనియాను ఆపుతుందనడానికి గట్టి ఆధారం కనిపించలేదు, పైగా మరణాలు పెరిగే ప్రమాదం ఉందేమోనన్న అనుమానం వచ్చింది. దాని బదులు బ్రష్‌తో పళ్లు తోమడాన్ని తప్పనిసరి పనుల్లో చేర్చాయి.

ఆ పని ఎలా ఉంటుందో మీకు తెలుసు. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. నోట్లోంచి శ్వాసనాళంలోకి వేసిన ట్యూబు పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు మీద ఉందో చూసుకోవాలి. ఒకరు ట్యూబు కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు మెత్తని చిన్న బ్రష్‌తో పళ్లు, చిగుళ్లు, నాలుక తోమి, ఊరిన నీటిని ఎప్పటికప్పుడు సక్షన్‌తో తీసేయాలి. పూర్తయ్యాక ట్యూబు గుర్తు మళ్లీ చూడాలి. ఇందులో డాక్టర్ గారు చెప్పాల్సింది ఏముంది? మొదటి నుంచి చివరిదాకా మన పని. ఈ పనిలో వచ్చిన మార్పు మనకు తెలియకపోతే ఇంకెవరికీ పట్టదు.

అలాగని రేపు డ్యూటీకి వెళ్లి మీ అంతట మీరే క్లోర్‌హెక్సిడిన్ సీసా పక్కన పెట్టేయమని కాదు. ప్రోటోకాల్ మార్చాల్సింది ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ. కానీ మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ దగ్గరకెళ్లి, ‘మన ప్రోటోకాల్ ఏ సంవత్సరంలో రాసింది? 2022 సూచనల తర్వాత ఎవరైనా చూశారా?’ అని అడగొచ్చు. అలా అడిగే నర్సును డాక్టర్లు చూసే తీరు వేరుగా ఉంటుంది. ఇది నేను కళ్లారా చూశాను. రౌండ్స్‌లో బెడ్ పక్కన నిలబడి ఆర్డర్లు రాసుకునే సిస్టర్‌కీ, ‘సార్, ఈయన ట్యూబు కఫ్ ప్రెషర్ రాత్రి 18 ఉంది, సరిచేశాను, మళ్లీ తగ్గింది, లీక్ ఉందేమో’ అని చెప్పే సిస్టర్‌కీ ఒకే ఐసీయూలో దక్కే గౌరవం ఒకేలా ఉండదు.

కఫ్ ప్రెషర్ అన్నాను కాబట్టి అదీ చెబుతాను. కఫ్ అంటే శ్వాసనాళంలో ట్యూబు చుట్టూ గాలితో ఉబ్బే చిన్న బుడగ. దానికి కలిపి బయట ఉండే పైలట్ బెలూన్‌ను రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి ‘బాగానే ఉంది’ అనడం ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. ఉండాల్సింది 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం. అంతకన్నా తగ్గితే నోట్లోని స్రావాలు కిందికి జారతాయి, ఎక్కువైతే శ్వాసనాళం గోడకు రక్తం అందదు. వేళ్లతో ఆ తేడా పట్టుకోవడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా సాధ్యం కాదు, పీడనం కొలిచే మానోమీటర్ కావాల్సిందే. మీ ఐసీయూలో అది ఉందా? ఉంటే ఏ అల్మరాలో ఉంది? ఈ చిన్న ప్రశ్నతో మొదలయ్యేది కూడా చదువే.

ఇంకో ఉదాహరణ వార్డు నుంచి. ఏ ఆస్పత్రిలోనైనా టీపీఆర్ చార్టు (జ్వరం, నాడి, శ్వాస రాసే కాగితం) తీసి శ్వాస గడి చూడండి. 20, 20, 18, 20 అని వరసగా ఉంటుంది. జ్వరం ఉన్నవాళ్లకీ అంతే, ఆపరేషన్ అయి పడుకున్నవాళ్లకీ అంతే. నిమిషం పాటు గడియారం చూస్తూ లెక్కపెట్టే తీరిక ఉండదు, నాకు తెలుసు. కానీ రోగి పరిస్థితి దిగజారబోతోందని ముందుగా చెప్పే గుర్తుల్లో శ్వాస వేగం ముఖ్యమైనది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) స్కోరులో శ్వాస 12 నుంచి 20 ఉంటే సున్నా, 21 నుంచి 24 ఉంటే 2, 25 గానీ అంతకు మించి గానీ ఉంటే 3. మొత్తం స్కోరు 5 అయితే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి, 7 అయితే అత్యవసరం. మీరు లెక్కపెట్టకుండా 20 అని రాస్తే ఆ స్కోరు మొత్తం అబద్ధం అవుతుంది. లెక్కపెట్టి 26 అని రాస్తే, బీపీ పడిపోకముందే తెల్లవారుజామున మూడింటికి డ్యూటీ డాక్టర్‌ను ధైర్యంగా లేపగలుగుతారు.

ఇన్సులిన్ సంగతి ఎన్ని క్లాసుల్లో చెప్పినా నాకు తనివి తీరదు. మన దగ్గర వయల్‌లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. పెన్ను కార్ట్రిడ్జ్‌లో ఉండేది ఎంఎల్‌కు 100 యూనిట్లది, ఆ బలానికి తగిన సిరంజికి నారింజ రంగు మూత. పెన్ను సూది అయిపోయిందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది అర ఎంఎల్, అంటే 50 యూనిట్లు. 20 అనుకుని 50 ఇచ్చినట్టు. రోగి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడని తెల్లారాక గమనిస్తారు. ఎంతో అనుభవం ఉన్న సిస్టర్లు కూడా ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించినప్పుడు ఒక్క క్షణం ఆగిపోతారు. పావుగంట పాఠం ఇది. దీనికి సర్టిఫికెట్ కూడా ఉండదు. ప్రాణం మాత్రం నిలుస్తుంది.

అందుకే మీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కోర్సు వెతుక్కోవడం బ్రోచర్ నుంచి మొదలుపెట్టకండి, మీ చేతికింద ఉన్న రోగి నుంచి మొదలుపెట్టండి. యూనిఫాం జేబులో పట్టే చిన్న నోటుబుక్ ఒకటి పెట్టుకోండి. డ్యూటీలో ఎక్కడ తడబడ్డారో, ఏది ఎందుకు చేస్తున్నామో తెలియకుండా చేశారో, ఒక్క ముక్క రాయండి. ‘నారడ్రినలిన్ ఇన్ఫ్యూజన్ సిరంజి మార్చేటప్పుడు బీపీ ఎందుకు పడింది?’ ‘ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష)లో బైకార్బ్ తగ్గితే ఏం చూడాలి?’ ‘డయాలిసిస్ అయ్యాక యాంటీబయాటిక్ మళ్లీ ఇవ్వాలా?’ రోగి పేరు, ఐపీ నంబరు రాయొద్దు, కేస్ షీట్ ఫోటో ఫోన్‌లో తీయొద్దు. నెల తిరిగేసరికి ఆ పుస్తకమే చెబుతుంది మీకు ఏ చదువు కావాలో. సగం ప్రశ్నలు మందుల మీద ఉంటే అటు, వెంటిలేటర్ మీద ఉంటే ఇటు.

ఇక గంటల లెక్క. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూ చేసుకోవడానికి 150 గంటల సీఎన్‌ఈ ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన లెక్క, అంటే ఏడాదికి 30. రెన్యూవల్ చేసేది మాత్రం రాష్ట్ర కౌన్సిల్. మనకు కోఠి సుల్తాన్ బజార్‌లో ఉన్న తెలంగాణ కౌన్సిలే. కాబట్టి ఏ కార్యక్రమానికి వెళ్లినా డబ్బు కట్టేముందు అడగాల్సింది ఒకటుంది: దీనికి రాష్ట్ర కౌన్సిల్ ఎన్ని గంటలు మంజూరు చేసింది, ఆ అనుమతి పత్రం చూపిస్తారా? ‘అంతర్జాతీయ గుర్తింపు’, ‘ఐఎస్ఓ సర్టిఫైడ్’ అని మెరిసే అక్షరాలతో ఉంటే సరిపోదు. సర్టిఫికెట్ మీద మీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, గంటలు, అనుమతి వివరం ఉండాలి. నేషనల్ రిజిస్టర్‌లో మీ నమోదు అయి ఎన్‌యూఐడీ (ఒక్కో నర్సుకు ఇచ్చే జాతీయ గుర్తింపు సంఖ్య) వచ్చిందో లేదో కూడా చూసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లకు ఆధార్‌లో ఒక పేరు, జీఎన్‌ఎం సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉండి అక్కడే ఆగిపోతుంటారు. ఇది రెన్యూవల్ గడువు ముందు వారం చూసుకునే పని కాదు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. వ్యవస్థ మారేటప్పుడు కాగితాలు సక్రమంగా ఉన్నవాళ్లకు ఇబ్బంది తక్కువ.

డబ్బు కడితే వచ్చే సర్టిఫికెట్ల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. తీసుకోకండి. లింక్ తెరిచిపెట్టి వంట చేసుకుంటే ఆరు గంటల సర్టిఫికెట్ వస్తుంది, నిజమే. కౌన్సిల్ అది చెల్లదంటే డబ్బు పోతుంది, అది చిన్న నష్టం. పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ‘అడ్వాన్స్‌డ్ వెంటిలేటర్ కేర్’ అని మీ ఫైల్‌లో కాగితం ఉంటే, ఒకరోజు ఇన్‌చార్జ్ ఆ కాగితం చూసి మిమ్మల్ని ఆ బెడ్ దగ్గర ఒంటరిగా నిలబెడుతుంది. అప్పుడు అలారం మోగితే రోగికీ మీకూ మధ్య ఆ కాగితం ఏమీ చేయలేదు.

మీ ఆస్పత్రిలోనే గంటలు సంపాదించే దారి ముందు చూడండి. ఎన్‌ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యతను చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆస్పత్రి అయితే సిబ్బందికి శిక్షణ ఇచ్చి దాని రికార్డు ఉంచడం వాళ్లకు తప్పనిసరి. నర్సింగ్ ఎడ్యుకేటర్ ఉంటారు, శిక్షణ క్యాలెండర్ ఉంటుంది. ఆ క్లాసుల్లో కొన్నింటికైనా కౌన్సిల్ గంటలు మంజూరు చేయించమని నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడగండి. ఒక్కరు అడిగితే పట్టించుకోకపోవచ్చు, యూనిట్ మొత్తం సంతకం పెట్టి అడిగితే వింటారు. 1908లో ఏర్పడిన ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా రాష్ట్ర శాఖల సదస్సులు, నగరంలోని నర్సింగ్ కాలేజీలు పెట్టే వర్క్‌షాపులు, క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం నర్సుల కోసం జరిపే శిక్షణలు, ఇవన్నీ ఒక కన్నేసి ఉంచాల్సినవి. చేత్తో పట్టుకుని చేయించే వర్క్‌షాపుకు, తెర మీద స్లైడ్లు చూపించే వెబినార్‌కు మధ్య ఎంచుకోవాల్సి వస్తే, ఖర్చు కొంచెం ఎక్కువైనా మొదటిదానికే వెళ్లండి. ఇంట్లో కూర్చుని చదవాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆన్‌లైన్ కోర్సులు, మన స్వయం పోర్టల్ ఉన్నాయి. అవి జ్ఞానానికి మంచివి, గంటల కింద లెక్కేస్తారా లేదా అన్నది కౌన్సిల్‌ను అడిగాకే నమ్మండి.

ఏసీఎల్‌ఎస్ గురించి. ఐసీయూలో పనిచేసేవాళ్లకు బీఎల్‌ఎస్ (ప్రాణం నిలిపే ప్రాథమిక శిక్షణ), ఏసీఎల్‌ఎస్ రెండూ ఉండాలి, ఇందులో చర్చే లేదు. కార్డు చెల్లుబాటు రెండేళ్లు. కానీ ఆ రెండేళ్లూ చేయి పెట్టకపోతే కొన్ని నెలల్లోనే చేతి నైపుణ్యం జారిపోతుంది. ఛాతీ నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వడం. ఈ అంకెలు అందరికీ నోటికొచ్చు. బొమ్మ మీద రెండు నిమిషాలు చేయించి చూస్తే రెండో నిమిషంలో లోతు తగ్గిపోతుంది, చేసేవాళ్లకు తగ్గినట్టు తెలియదు కూడా. మీ స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ ఉంటే నెలకోసారి డ్యూటీ అయ్యాక అయిదు నిమిషాలు అడగండి. మార్గదర్శకాలు అయిదేళ్లకోసారి పెద్దగా సవరిస్తుంటారు, 2015, 2020, 2025 అలా వచ్చినవే. పాత పుస్తకంతో కార్డు రెన్యూ చేయించే సెంటర్లకు వెళ్లకండి.

ఇప్పుడు పెద్ద కోర్సులు. ఇక్కడే చాలామంది అక్కచెల్లెళ్లు తొందరపడతారు. మీరు అడిగిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ రెండేళ్ల ఎమ్మెస్సీ స్థాయి రెసిడెన్సీ కోర్సు. బీఎస్సీ నర్సింగ్ లేదా పోస్ట్ బేసిక్ ఉండాలి. జీఎన్‌ఎంతో నేరుగా వెళ్లలేరు. కాబట్టి ఆ కోరిక ఉంటే మొదటి మెట్టు పోస్ట్ బేసిక్. అది రెగ్యులర్‌గా రెండేళ్లు, సీట్లు మన కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా. సోమాజిగూడ ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ లాంటి చోట్ల చదివితే మంచి పునాది పడుతుంది, కానీ ఉద్యోగం వదలాలి లేదా సెలవు దొరకాలి. మూడేళ్ల బాబుతో, ఒక్క జీతంతో ఇల్లు నడుస్తుందా అన్నది మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి, అది నేను చెప్పలేను. ఉద్యోగం వదలకుండా చదవాలంటే ఇగ్నో వారి పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. పనిచేస్తున్న నర్సుల కోసమే పెట్టిన కోర్సు అది, కనీసం మూడేళ్లు. ప్రవేశ పరీక్ష ఉంటుంది, అనుభవం అడుగుతారు. దూరవిద్య కదా సులువు అనుకోవద్దు. ప్రాక్టికల్స్‌కు, కాంటాక్ట్ క్లాసులకు తప్పక హాజరు కావాలి, ఆ రోజులకు రోస్టర్‌లో ఆఫ్ ముందే అడిగి పెట్టుకోకపోతే ఏడాది వృథా అవుతుంది.

చాలామందికి తెలియని దారి ఒకటుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఆమోదించిన ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు. క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీ, నియోనాటల్, ఆంకాలజీ, కార్డియో థొరాసిక్, ఆపరేషన్ థియేటర్, సైకియాట్రిక్ ఇలా ఉన్నాయి. రిజిస్టర్ అయిన నర్సుకు, ఏడాది అనుభవం ఉంటే, జీఎన్‌ఎం అయినా అర్హత ఉంటుంది. రెసిడెన్సీ పద్ధతిలో ఎక్కువ భాగం పడక పక్కనే గడుస్తుంది. మీ ప్రశ్న తీరు చూస్తే మీకు ఐసీయూ అంటే ఇష్టం. మీరు నా చెల్లెలైతే, బాబు బడికి వెళ్లే వయసు వచ్చేదాకా ఇగ్నో దరఖాస్తు, ఏసీఎల్‌ఎస్, యూనిట్‌లో చిన్న చిన్న నేర్చుకోవడాలతో సాగమంటాను. పోస్ట్ బేసిక్ చేతికొచ్చాక నర్స్ ప్రాక్టీషనరా, ఎమ్మెస్సీనా అన్నది అప్పుడు చూడొచ్చు. డిగ్రీ అక్కర్లేదు, ఐసీయూ నైపుణ్యమే కావాలంటే ఏడాది డిప్లొమా మేలు. ఏది చేరినా కాలేజీకి, ఆ ప్రత్యేక కోర్సుకు కూడా కౌన్సిల్ అనుమతి ఆ ఏడాదికి ఉందో లేదో జాబితాలో చూడకుండా ఫీజు కట్టొద్దు. ఆస్పత్రే ఫీజు కడతానంటే ఎన్నేళ్లు ఉండాలని షరతు పెట్టారో, మధ్యలో వదిలితే ఎంత తిరిగి కట్టాలో కాగితం మీద చదివాకే సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకండి.

‘చదివితే పని మారుతుందా’ అన్నారు. మన రాష్ట్రంలోనే మారిన చోటు చూపిస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ. హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లో మిడ్‌వైఫ్‌లకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లతో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ స్టాఫ్ నర్సులకు 18 నెలల శిక్షణ ఇప్పించింది. మరుసటి ఏడాది కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు జాతీయ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ శిక్షణ పొందిన సిస్టర్లు మామూలు కాన్పును తామే నడిపిస్తారు. నొప్పులు పడుతున్న తల్లిని మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టకుండా నడిపిస్తారు, కూర్చోబెడతారు, ధైర్యం చెబుతారు. ఎప్పుడు డాక్టర్‌ను పిలవాలో వాళ్లే నిర్ణయిస్తారు. అదే నర్సు, అదే జీఎన్‌ఎం లేదా బీఎస్సీ. చదువు వాళ్లకు నిర్ణయం తీసుకునే అధికారం తెచ్చింది. ఐసీయూలో నర్స్ ప్రాక్టీషనర్‌కు అంత చోటు మన దగ్గర ఇంకా దక్కలేదు, ఆ పేరుతో పోస్టులు తక్కువ. అందుకే ఆ కోర్సులో చేరేముందు, పూర్తిచేసినవాళ్లు ఇప్పుడు ఏ పని చేస్తున్నారో వాళ్లనే అడగండి.

జీతం మాట. కోర్సు చేయగానే పెరుగుతుందని నేను మాట ఇవ్వను. కొన్ని ఆస్పత్రుల్లో పోస్ట్ బేసిక్‌కు ఇంక్రిమెంట్ ఉంటుంది, చాలాచోట్ల ఉండదు. కానీ యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు చేతిలో ఒక ఆధారం ఉంచుకోండి. 2014లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం తొమ్మిది ఐరోపా దేశాల్లో 300 ఆస్పత్రులు, నాలుగు లక్షలకు పైగా శస్త్రచికిత్స రోగుల లెక్కలు చూసింది. ఒక నర్సు మీద ఒక రోగి భారం అదనంగా పెరిగితే, 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం ఎక్కువ కనిపించింది. డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగితే ఆ అవకాశం 7 శాతం తక్కువ కనిపించింది. చదువుతో పాటు సరిపడా మంది కూడా ఉండాలని ఆ ఒక్క అధ్యయనమే రెండు మాటలూ చెబుతోంది. ముగ్గురు వెంటిలేటర్ రోగుల్ని ఒక్కరి మీద పెట్టి, ఆపైన మధ్యాహ్నం రెండింటికి క్లాసుకు రమ్మంటే ఎవరికీ ఏమీ ఎక్కదు. నైట్ డ్యూటీ దిగినవాళ్లను క్లాసులో కూర్చోబెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. శిక్షణ గంటను డ్యూటీ గంటగానే లెక్కించాలి. ఇది మనం అడగాల్సిన హక్కు, దయ కాదు.

విదేశాల ఆలోచన ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఇదీ తెలుసుకోండి. బ్రిటన్‌లో నర్సు మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలంటే 450 గంటల పని, 35 గంటల చదువు చూపించాలి. ఆ 35లో 20 గంటలు ఇతరులతో కలిసి నేర్చుకున్నవి కావాలి. దానితో పాటు ఏం నేర్చుకున్నారో, దానివల్ల పనిలో ఏం మారిందో అయిదు రాతలు రాయాలి. నేను చెప్పిన జేబు నోటుబుక్ అక్కడ నియమం అన్నమాట. జర్మనీకి వెళ్లేవాళ్లకు మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా భాషా శిక్షణ, నియామకాలు జరుగుతుంటాయి. ఏజెంటుకు లక్షలు కట్టేముందు అక్కడ కనుక్కోండి.

నైట్ డ్యూటీలతో చదవడం ఎలా అన్నారు కదా. నైట్ నుంచి దిగిన రోజు చదవొద్దు, నిద్రపోండి. మెట్రోలో ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ ఈస్ట్ దాకా పట్టే కాసేపట్లో నోటుబుక్‌లోని ఒక్క ప్రశ్నకు జవాబు వెతకండి, చాలు. వీక్లీ ఆఫ్‌లో రెండు గంటలు ఇంట్లో ఎవరైనా బాబును చూసుకునేలా ముందే మాట తీసుకోండి. ఆ రెండు గంటల్లో గదిలో తలుపు వేసుకుని కూర్చోవడానికి ఏ ఆడపిల్లా సిగ్గుపడక్కర్లేదు. మీ యూనిట్‌లో ఇంకో ఇద్దరు ముగ్గురు సిస్టర్లను కలుపుకోండి. హ్యాండోవర్ అయ్యాక పది నిమిషాలు, ఒక్కో వారం ఒక్కొక్కరు ఒక్క విషయం చెప్పుకోండి. మొదటి వారం కఫ్ ప్రెషర్ పెట్టుకోండి. వార్డులో అల్మరా తెరిచి, మానోమీటర్ తీసి, అందరి చేతా ఒకసారి కొలిపించండి. ఎన్ని ట్యూబులు 20 కంటే తక్కువ ఉన్నాయో రాసి ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చూపిస్తే, రెండో వారం నుంచి ఆవిడే సమయం ఇస్తుంది.

ఇగ్నో సంగతి నిర్ణయించుకుంటే, ప్రవేశ ప్రకటన వచ్చేదాకా ఆగకుండా మీ అనుభవ ధ్రువపత్రం కోసం ఇప్పుడే హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. చేరిన తేదీ, హోదా, విభాగం స్పష్టంగా ఉండాలి. పాత ఆస్పత్రి నుంచి రావాల్సింది ఉంటే దానికోసం ఒకసారి వెళ్లాల్సి వస్తుంది, ఆఫ్ ఉన్న రోజు చూసుకోండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ సరిపోలుతున్నాయో ఆ రోజే చూసి, తేడా ఉంటే కౌన్సిల్‌లో సవరణకు పెట్టి రసీదు దాచుకోండి. వెంటిలేటర్ మోడ్‌లు గానీ, ఏబీజీ గానీ మొదటి నుంచి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో విడిగా అడగండి, రాస్తాను.